మంగళవారం నాటి ఉసిరి రసం

ఆ పొద్దు ఆకాశం కిందికి దిగి వచ్చింది. దాన్ని మంచు అనలేము, మబ్బు అనలేము. రెండూ కలిసి, పసుపు ఉడికించే కడాయిల మీది ఆవిరిని కూడా కలుపుకొని ఊరిని మూసేశాయి. ఏడు దాటినా తూర్పున గుడ్డు సొన చిట్లినట్టు ఒక మసక మరక తప్ప ఎండ జాడ లేదు. మొగిలవ్వ ఇంటి ముందరి ఉసిరి చెట్టు సగం దాకా కనబడుతోంది. పై సగం ఉందని నమ్ముకోవాల్సిందే.

మొగిలవ్వ ఆ చెట్టు కింద రోలు ముందు కూచొని తొక్కుకు కాయలు దంచుతోంది. ఉప్పూ పసుపూ వేసి కచ్చాపచ్చాగా దంచి, జాడీలో మూడు రోజులు ఊరనిచ్చి, గింజలు ఏరి, ఎండకు పెట్టాక కారం, మెంతిపిండి, ఎల్లిపాయ కలుపుతుంది. కొన్ని కాయలు ముక్కలు కోసి ఎండబెడుతుంది. ఆ ఒరుగులు ఎండాకాలం పచ్చిపులుసులోకి పనికొస్తాయి. కొన్ని బెల్లం పాకంలో పడతాయి, దగ్గొచ్చిన పిల్లలకు. పప్పులో చింతపండు బదులు కూడా ఉసిరే. ఆమె నాయనమ్మ ఐలవ్వ అనేది: "ఆరు రుచులల్ల ఐదు దీంట్లనే ఉన్నయి బిడ్డా. ఉప్పొక్కటి లేదు. గది ఏసుకోనీకెనే దేవుడు మనకు చెయ్యిచ్చిండు."

ఈ పొద్దుటి రసం ఇచ్చి రెండు గంటలు కావస్తోంది. మొగిలవ్వ భర్త సారయ్య కల్లు కోసం తాళ్లు గీస్తాడు. యాభై ఎనిమిదేళ్లు. రోజూ చీకటితోనే లేచి, పది కాయల రసంలో చిటికెడు పసుపు వేసి ఇస్తే నిలబడి, ఊపిరి తీయకుండా తాగి, చెట్టెక్కే మోకు భుజాన వేసుకొని, సద్దిగిన్నె పట్టుకొని తాటివనానికి పోతాడు. మాట తక్కువ మనిషి. కానీ ఈ నాలుగు నెలలుగా ఉసిరి గురించి మాత్రం అడిగిన వాడికీ అడగని వాడికీ చెబుతున్నాడు. షుగర్ మూడు వందల నుంచి నూట నలభైకి దిగింది. ఒక్క గోళీ మింగలేదు. అంతా ఉసిరి మహిమ.

అది ఉసిరి మహిమ ఒక్కటే కాదని మొగిలవ్వకు తెలుసు. ఆమెకు ఒక్కతెకే తెలుసు.

దసరా ముందర సారయ్య ఒంటికి పోసిన చోట చీమలు పట్టాయి. జగిత్యాల తీసుకుపోతే డాక్టరు గోళీలు రాశాడు. ఇంటికి రాగానే సారయ్య ఆ గోళీల అట్టను రేకుల మీదికి విసిరేశాడు. అతని అన్న కూడా గోళీలతోనే మొదలుపెట్టాడు. తర్వాత సూదులు వచ్చాయి. ఆ తర్వాత మోకాలు దాకా కాలు తీశారు. "గోళీ ఎనుక సూది, సూది ఎనుక కత్తి," అన్నాడు సారయ్య. "కాలు లేనోనికి తాటిచెట్టేంది, బతుకేంది?" గోళీలు సరిగ్గా మింగకనే అన్న కాలు పోయిందని డాక్టరు చెప్పిన మాట అతని చెవికెక్కలేదు.

మొగిలవ్వ మళ్లీ వాదించలేదు. కోరుట్ల సంతకు పోయినప్పుడు మందుల దుకాణంలో అవే గోళీలు కొన్నది. రోట్లో నూరి ఉసిరి రసంలో కలిపింది. ఆ వగరు, ఆ పులుపు, ఆ పసుపు మధ్య గోళీ చేదు ఎవరికి తెలుస్తుంది?

డాక్టరు మాట మాత్రం ఆమె మరువలేదు. "గోళీ ఏసుకున్నంక అరగంటల తినాలె. తినకుంటే షుగర్ ఒక్కసారే పడిపోతది. చెమటలు పడ్తయి, చేతులు వణుకుతయి, కండ్లు తిరుగుతయి. చెట్టెక్కే మనిషంటున్నవు, జర పైలం. గట్లయితే ఎంటనే తీపిది ఏదన్న నోట్లె పెట్టు." అందుకే ఆమె సొంతంగా ఒక నియమం కట్టింది. పరగడుపున ఉసిరి రసం తాగిన అరగంటలో సద్ది తినకుంటే పేగులు కోస్తుంది అని నాయనమ్మ పేరు పెట్టి చెప్పింది. సారయ్య నమ్మాడు. మొదటి చెట్టు కింద కూచొని సద్ది తిన్నాకే మోకు కట్టుకునేవాడు. శనివారం కొండగట్టు అంజన్నకు ఒక్కపొద్దు, పొద్దున ఏమీ తినడు, ఆ రోజు రసంలో గోళీ వేసేది కాదు. ఆదివారం ఉసిరి ముట్టరు కనుక రసమే లేదు. వారంలో ఐదు రోజుల లెక్క ఆమె రోకలి దెబ్బ తప్పనట్టు తప్పకుండా నడిపింది.

"అక్కా, మిగిలిందా నాకో గిలాసెడు?"

మంచులోంచి ముందు మాట వచ్చింది, తర్వాత లస్మయ్య వచ్చాడు. కూలికి పోయే మనిషి, సారయ్య కల్లుకు పాత గిరాకీ. ఊరి వరుసన మొగిలవ్వకు తమ్ముడు. కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది.

"కాలు ఇంక మానలేదా తమ్మీ?"

"మానుతది తియ్. నాది షుగర్ ఒళ్లు గద, జర ఆలిశమైతది." అరుగు మీద కూచున్నాడు. "గదే ఉసిరి, గదే పసుపు, నేను గూడ తాగవడ్తి. బావకు దిగవట్టె, నాకు ఎక్కవట్టె. నీ చేతుల ఏం మందున్నదో చెప్పరాదు?"

మొగిలవ్వ చేతిలో రోకలి ఆగింది. "నీ గోళీలు ఏసుకుంటున్నవా లేదా?"

"ఏ గోళీలు? బంజేసి రెండు నెలలాయె. బావే అనవట్టె, ఉసిరి ఉండంగ గోళీలేందిరా, ఇంట్ల బాయి పెట్టుకొని సీసా నీళ్లు కొన్నట్టు అని."

ఆ మాట మొగిలవ్వ గుండె మీద పడ్డ మొదటి రాయి. లస్మయ్య వేలి గుడ్డ వైపు చూసింది. గుడ్డ అంచున పసుపు పచ్చని తడి. ఏదో చెప్పబోయింది. ఈ లోగా లస్మయ్య చంకలోని గిన్నె తీసి రోలు పక్కన పెట్టాడు.

"గిన్నె తీస్కో అక్కా. తొక్కు జోరుగుండె. కడుపు నిండ తిన్న."

అది సారయ్య సద్దిగిన్నె.

"నువ్వు తిన్నవా? మరి ఆయన?"

"ఆయనకు ఒక్కపొద్దట గద, వనంల నాకే ఇచ్చిండు."

"ఇయ్యాల మంగళారం. ఒక్కపొద్దు శనారం గద!"

"గది పాతది, ఇది కొత్తది. రాత్రి సిరిసిల్ల నుంచి మీ బిడ్డ దీప ఫోన్ జేసిందట గద, డాక్టరు మంచం దిగద్దన్నదని. బిడ్డ కాన్పయ్యేదాంక మంగళారం గూడ మెతుకు ముట్ట, కల్లు చుక్క ముట్ట అని అంజన్నకు మొక్కుకున్నడట. నీకు జెప్పద్దన్నడు, మొక్కు బయటపెడ్తే ఫలియ్యదని..." లస్మయ్య నాలుక కరుచుకున్నాడు. "అరె, నేను జెప్పనే జెప్తి!"

నిరుడు దీపకు ఏడో నెలలో కడుపు పోయింది. రాత్రి ఫోన్ పెట్టేశాక సారయ్య చాలాసేపు వాకిట్లో నిలబడిన సంగతి మొగిలవ్వకు గుర్తొచ్చింది. చలికి నిలబడ్డాడేమో అనుకుంది. చుట్ట తాగుతున్నాడేమో అనుకుంది.

పరగడుపు. గోళీ. రెండు గంటలు. తాటిచెట్టు.

ఈ నాలుగు ముక్కలు ఆమె తలలో ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఫోన్ తీసి సారయ్యకు చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఇంట్లోకి ఉరికి బెల్లం గడ్డ అందుకుంది. గోడకు సర్కారు ఇచ్చిన కొత్త మోకు సంచీలోంచి తీయకుండా వేలాడుతోంది. నడుముకు కట్టుకుంటే జారినా పట్టుకుంటుందని ఇచ్చింది అది. "గది కట్టుకుంటే గుర్రానికి జీను ఏసినట్టుంటది," అని నవ్వి, నాయన నాటి తోలు మోకుతోనే పోతాడు సారయ్య.

"ఏమైందక్కా?" అని లస్మయ్య అడుగుతూనే ఉన్నాడు. ఆమె అప్పటికే కాలువ గట్టు ఎక్కింది.

*

ఆ గట్టు మీద ఆమె ముప్పై ఐదేళ్లుగా నడుస్తోంది. ఆ పొద్దు అది ఎవరిదో ఊరి గట్టులా ఉంది. నాలుగడుగుల అవతల ఏమీ లేదు. కొత్తగా నాట్లేసిన మళ్లలో నీళ్లూ ఆకాశమూ ఒకే రంగు. ఎక్కడో పసుపు ఉడికే వాసన. ఆ వాసన ప్రతి రోజూ రసంలో ఉండేదే. ఇవాళ ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

తప్పిపోయినట్టు నడుస్తూనే తనతో తాను వాదించుకుంది. గోళీ వల్లనే అతను ఇన్నాళ్లు నిలబడ్డాడు. గోళీ వల్లనే ఇవాళ పడిపోతాడు. చెప్పి ఇస్తే తాగడు. చెప్పకుండా ఇస్తే ఇదిగో ఇది. రేపు ఊరంతా వచ్చి, కాలు జారిందంటారు, మంచు పట్టిందంటారు, ఆయుసు తీరిందంటారు. ఆమె ఒక్కతే బతికినన్నాళ్లూ ఆ రోలు వైపు చూస్తూ కూచోవాలి.

తాటివనం వచ్చింది. నలభై చెట్లు. నలభైకీ మొదళ్లు ఉన్నాయి, తలలు లేవు.

"దీప బాపూ!"

మంచు ఆ కేకను మింగింది.

"దీప బాపూ! ఏ చెట్టు మీదున్నవు?"

సారయ్య గీసే చెట్లు పది, వనమంతా చెదిరి ఉంటాయి. ఒక్కో చెట్టు కిందికి ఉరికి పైకి చూడటం, తెల్లదనం తప్ప ఏమీ కనబడకపోవడం. మూడు చెట్లయ్యాక ఆమెకు ఫోన్ గుర్తొచ్చింది. మళ్లీ చేసింది. కుడివైపు దూరంగా గుడిగంట మోత మోగింది. అది సారయ్య ఫోన్ మోత. కొండగట్టుకు పోయినప్పుడు దీప పెట్టించింది.

ఆ గంట వెంట ఉరికింది. ఆరో చెట్టు. మొదట్లో అతని చొక్కా మడతపెట్టి ఉంది, దాని మీద ఫోన్ వెలుగుతోంది. పక్కన చెప్పులు.

పైన ఎక్కడో ఊపిరి చప్పుడు. చెట్టెక్కే మనిషి ఊపిరి ఆమె ఎరుగును. ఇది అది కాదు. జ్వరం పిల్లగాడి ఊపిరిలా ఉంది.

"దీప బాపూ, నేను, మొగిలిని. దిగు. మెల్లగ దిగు."

పైనుంచి ఏదో ఆకులు కోసుకుంటూ వచ్చి ఆమెకు జానెడు దూరంలో నేలలో దిగబడింది. గీత కత్తి. ముప్పై ఐదేళ్లలో ఆ మనిషి చేతిలోంచి కత్తి జారడం ఆమె చూడలేదు.

మంచు ఒక్క ఘడియ పలచబడింది. సారయ్య కనబడ్డాడు. మట్టల కింద, మోకును నడుము వెనక్కి వేసుకొని, చెట్టుకు చెంప ఆనించి ఉన్నాడు. ఇంత చలిలో వీపు మీద చెమట మెరుస్తోంది. ఒక చెయ్యి చెట్టును పట్టుకుంది. ఇంకో చెయ్యి గాలిలో దేనికోసమో వెతుకుతోంది. మోకాళ్లు వణుకుతున్నాయి. ఆ వణుకు చెట్టు పొడవునా దిగి వచ్చి తన అరిచేతికి తగులుతున్నట్టు అనిపించింది మొగిలవ్వకు.

ఆమె పిడికిట్లో బెల్లం కరిగి జిగురైంది. తీపి కింద ఉంది, మనిషి పైన ఉన్నాడు. మధ్యన నలభై అడుగులు.

"కండ్లు... కనవడ్తలేవే," అన్నాడు సారయ్య. ఆ గొంతు అతనిది కానట్టుంది.

అప్పుడు ఆమెకు కల్లు పట్టే లొట్టి కనబడింది. అతని మొహం పక్కనే, గెలకు కట్టి ఉంది. రాత్రంతా చలికి పులవని కల్లు. తేనె లాంటి నీళ్లు.

"లొట్టి! నీ పక్కకే లొట్టి ఉన్నది. అందుకో, తాగు!"

అతను తల అడ్డంగా ఊపాడు. నెమ్మదిగా, మొండిగా. "మొక్కు."

"నాకు ఎరుకే. లస్మయ్య చెప్పిండు. తాగు!"

"దీపకు... ఏమన్న అయితే..."

"నువ్వు పడ్తే కాదా దీపకు?"

అతను చెంప చెట్టుకు ఇంకా గట్టిగా ఆనించాడు, నిద్రపోయేవాడిలా. అతన్ని ఇప్పుడు దించగలిగిన మాట ఒక్కటే ఉందని మొగిలవ్వకు తెలుసు. నాలుగు నెలలు దాన్ని నాలుక కింద దాచుకుంది. అది బయటపడితే ఈ మనిషి ఇక తన చేతి నీళ్లు తాగడు అనే భయం నిన్నటి దాకా అన్నిటి కంటే పెద్ద భయం. ఇవాళ అది చీమంత అయిపోయింది.

"రసంల గోళీ ఉన్నది!" అని అరిచింది. "ఇంటున్నవా? ఉసిరి రసంల షుగర్ గోళీ నూరి కలిపిన. దసరా సంది కలుపుతున్న. తినకుంటే గిట్లయితదని డాక్టరు ఆ నాడే జెప్పిండు. గిది దేవుడు జేసింది కాదు, నేను జేసిన. తీపి తాగకుంటే పడ్తవు. తాగు నీ కాళ్లు మొక్కుత! ఆ మొక్కు నా మీద ఏస్కుంట. కొండగట్టు మెట్లు మోకాళ్ల మీద నేనెక్కుత. తాగు!"

మంచు మళ్లీ మూసుకుంది. ఆమెకు అతను కనబడటం లేదు. పడితే చప్పుడు వస్తుంది. ఆమె ఆ చప్పుడు వినకూడదని చెవులు మూసుకుంది, మళ్లీ తెరిచింది, మళ్లీ మూసుకుంది.

వెనక ఎవరో కాలు ఈడుస్తూ వస్తున్న అలికిడి. లస్మయ్య. అక్కడి దాకా వచ్చి, ఆమె అరుపులన్నీ విని నిలబడిపోయాడు. భుజం మీది దుప్పటి తీసి చెట్టు మొదట్లో పరిచాడు. మనిషి పడితే ఆ దుప్పటి ఏం ఆపుతుంది? అయినా నాలుగు మూలలూ సరిచేశాడు.

అప్పుడు పైనుంచి ఒక చప్పుడు వచ్చింది. గుటక. తర్వాత ఇంకొకటి. మెడ మీద కల్లు చుక్కలు రాలాయి. మొగిలవ్వ తుడుచుకోలేదు.

"మొత్తం తాగు. తాగి గట్లనే ఉండు, చెట్టును ఇడువకు."

అలాగే ఉన్నాడు. ఎంతసేపో తెలియదు. ఆ సేపట్లో తూర్పున చిట్లిన సొన కొద్దిగా గట్టిపడి గుండ్రమైంది. మట్టల మీది మంచు నీళ్లయి రాలడం మొదలైంది. ప్రతి చినుకుకూ ఆ ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. చివరికి తోలు మోకు చెట్టును ఒరుసుకున్న చప్పుడు వినబడింది. ఒక జానెడు. ఆగింది. ఇంకో జానెడు.

పాదాలు అందే దూరానికి రాగానే మొగిలవ్వా లస్మయ్యా చెరో కాలు పట్టుకున్నారు. నేలకు దిగి, దుప్పటి మీద కూచుండిపోయాడు సారయ్య. పెదవులు తెల్లగా ఉన్నాయి. మొగిలవ్వ పిడికిలి విప్పి బెల్లం పెట్టబోయింది. అతను ఆ చేతి వైపు చూశాడు, మొహం వైపు చూడలేదు. నోరు తెరిచాడు.

బెల్లం మింగి అడిగాడు. "దసరా సంది?"

"ఊ."

"రోజు?"

"శనారం, ఐతారం తప్ప."

సారయ్య తన అరచేతులు చూసుకున్నాడు. "ఊరందరికి జెప్పిన," అన్నాడు. "ఉసిరి, ఉసిరి అని." ఆ మాట అనేటప్పటికి అతని చూపు లస్మయ్య బొటనవేలి మీద పడింది. గుడ్డ నడకకు ఊడింది. లోపల వేలు కొన నల్లగా ఉంది.

లస్మయ్య కాలు వెనక్కి లాక్కున్నాడు. నవ్వబోయాడు, రాలేదు. "అంటే బావా, నీ బాయిల ఎవలో సీసా నీళ్లు పోసిన్రన్నట్టు," అన్నాడు.

మొగిలవ్వ ఊడిన గుడ్డను తీసి మళ్లీ ఆ వేలికి చుట్టింది.

"ఇగ ఇయ్యాల చెట్టెక్కుడు లేదు," అంది మొగిలవ్వ. "తిని ముగ్గురం జగిత్యాల పోదాం. నీ వేలు, ఆయన షుగర్ రెండు సూపెడదాం. డాక్టరు ఏమంటడో నా ముంగటనే అననీయి."

సారయ్య కత్తిని నేలలోంచి పీకి మట్టి తుడిచాడు. లస్మయ్య భుజం మీద చెయ్యి వేసి లేచాడు. ఇద్దరిలో ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో గట్టు మీద పోతుంటే తెలియలేదు.

*

ఇంటికి వచ్చి మొగిలవ్వ పొయ్యి రాజేసింది. ఉడికే కందిపప్పులో నాలుగు ఉసిరికాయలు ముక్కలు కోసి వేసింది. ఎల్లిపాయ చితక్కొట్టి పోపు పెట్టింది. బియ్యం డబ్బా అడుగున దాచిన గోళీల అట్ట తీసి, తొక్కు జాడీకీ ఉప్పు గిన్నెకీ మధ్య, అందరికీ కనబడేట్టు పెట్టింది. "ఇయ్యాలటిది అయింది. మిగిలినయి గివి. డాక్టరుకు సూపెట్టేదాంక ఎవలు ముట్టద్దు," అంది.

ముగ్గురికీ వడ్డించింది. మగవాళ్లు తిన్నాకే తినే మనిషి, ఇవాళ తన కంచం కూడా పెట్టుకొని ఎదురుగా కూచుంది. సారయ్య పప్పులో వేలు పెట్టాడు. ఉసిరి ముక్కను ఒక పక్కకు జరిపాడు, మెతుకుల కింద చూశాడు, మళ్లీ జరిపాడు. ఏం వెతుకుతున్నాడో ముగ్గురికీ తెలుసు. లస్మయ్య తల దించుకున్నాడు.

మొగిలవ్వ చెయ్యి చాచి భర్త కంచంలోంచి ఒక ముద్ద తీసుకొని తన నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఉప్పు తక్కువైందనిపించి చిటికెడు అతని కంచంలో అతను చూస్తుండగా వేసింది.

సారయ్య కలిపాడు. ముద్ద చేశాడు. అది చేతిలో కాసేపు ఆగింది. మంగళవారం ముద్ద. అతని కళ్లు ఒకసారి ఫోన్ మీదికి పోయాయి. సిరిసిల్ల నుంచి అది మోగలేదు. మోగకపోవడమే మంచిదో కాదో చెప్పేవారు లేరు. ముద్ద నోట్లోకి పోయింది.

బయట మంచు తేలిపోయి ఉసిరి చెట్టు పైసగం కనబడుతోంది. ముగ్గురూ తింటున్నారు. సారయ్య ఉసిరి ముక్క చివరన నమిలి, చెంబు ఎత్తి నీళ్లు తాగి, ఆమె వైపు జరిపాడు. మొగిలవ్వ తాగింది. ఉసిరి మీద తాగిన నీళ్లు ఎప్పటిలాగే తియ్యగా ఉన్నాయి.